ఆడపిల్లకు ఆటోమేటిక్ చాలంట!

పోయిన నెల మన కుటుంబం బ్లాగులో పెదనాయన రాసింది అందరూ చదివే ఉంటారు. రాయవేలూరు కోట నాయకుల గురించి మొదలుపెట్టి, నడుమ ఎక్కడో దారి మళ్ళి, ఈ కాలం పిల్లకాయల మీద నాలుగు వాక్యాలు వేసినారు. పేరు చెప్పలేదు గానీ, వేలూరు నుంచి గుడియాత్తం దాకా మన వంశంలో రెండు సీట్ల కారు కొన్నోడు నేను తప్ప ఇంకెవడున్నాడు? కాబట్టి జవాబు నేనే చెప్పాల.

పెదనాయన అన్నవి మూడు. ఒకటి, స్పోర్ట్స్ కారంటే జంబం, అందులో మన జేజి కూర్చోను కూడా కాదు. రెండు, క్లచ్చూ గేర్లూ పాత కాలం చాకిరీ, లోకమంతా ఆటోమేటిక్‌కి పోతా ఉంటే వీడు వెనక్కి పోతా ఉన్నాడు. మూడు, చిన్నాయన కూతురు డ్రైవింగు నేర్చుకోవాలంటే ఆటోమేటిక్‌లోనే నేర్పించండి, ఆడపిల్లకు అది చాలు. ఈ మూడో మాట లేకపోయి ఉంటే నేను ఇంత దూరం రాసుండేవాణ్ణి కాదు.

ముందే ఒక మాట. నేను పదో తరగతి దాకా కోలారు పక్కన కన్నడ మీడియంలో చదివినోణ్ణి. తెలుగు అక్షరాలు కన్నడ అక్షరాల చెయ్యి పట్టుకుని నేర్చుకున్నాను. తలకట్టు ఎక్కడన్నా తప్పితే చిన్నత్త సరిచేస్తుంది, ఎప్పుడూ చేసేదే.

కారు సంగతి. అది శాన్ స్టార్మ్. బెంగుళూరు కంపెనీది, గోవాలో తయారు చేసినారు, 1998లో బయటికి వచ్చింది. ఫైబరు ఒళ్ళు, గుడ్డ టాపు, 1.2 లీటర్ల రెనో ఇంజను, 5 గేర్లు, 60 హార్స్ పవర్. ఇప్పటి మామూలు స్విఫ్టుకు అంతకంటే ఎక్కువ బలం ఉంది. సెకండ్ హ్యాండులో తీసుకున్నాను. ఇది జంబానికి కొనే బండి కాదని, దాని పక్కన ఒకసారి నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. జేజి అందులో కూర్చోలేదన్న మాట మాత్రం నిజం. కూర్చోమని నేను అడగలేదు కూడా.

జేజిది వేరే కథ. ఆమెకు వెన్నుపూస ఆపరేషను అయినాక నెలకొకసారి గుడియాత్తం నుంచి వేలూరు ఆసుపత్రికి తీసుకుపోవాల. కె.వి.కుప్పం, లత్తేరి, కాట్పాడి మీదుగా పోతాము, చిన్నాయన పాత మారుతి 800లో. మొదటిసారి నేనే నడిపినాను. లైసెన్సు తీసుకుని అప్పటికి పన్నెండేళ్ళు. నాకు డ్రైవింగు వచ్చుననే అనుకుంటా ఉన్నాను. గుడియాత్తం ఊరు దాటేలోపే అద్దంలో చూస్తే, గేరు మార్చిన ప్రతిసారీ జేజి తల ముందుకు పోయి వెనక్కి వస్తా ఉంది. లత్తేరి దగ్గర ఆమె సీటు పట్టుకుని, "ఒరే, ఎద్దుల బండిలో పోయుంటే మేలు రా" అనింది. కాట్పాడిలో ఇంకో మాట: "మీ తాత లారీలో ఉల్లిగడ్డల మూటల నడుమ కూర్చుని బెంగుళూరు దాకా నిద్రపోయేదాన్ని."

ఆ మాట నాకు తగిలింది. తాత డ్రైవరని మన బ్లాగులో ఒక్క పోస్టు కూడా లేదు. ఆయన గుడియాత్తం నుంచి అగ్గిపెట్టెలూ లుంగీలూ బెంగుళూరుకు తోలినాడు, తిరుగు బండిలో ఉల్లిగడ్డలో ఇంకోటో. విజయనగరం మీద పదకొండు పోస్టులు ఉన్నాయి. లెక్కబెట్టినాను, అది నా ఉద్యోగం.

తాత నడిపింది సింక్రోమెష్ లేని గేరుబాక్సు. ఇప్పటి పిల్లకాయలకు అదేంటో తెలీదు కాబట్టి చెప్తాను. మూడో గేరులో ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతా ఉందనుకోండి. అదే వేగంలో రెండో గేరుకు దిగాలంటే సుమారు 3,000 కావాల. ఆ తేడాను ఎవరో ఒకరు పూడ్చాల. తాత ఏం చేసేవాడంటే, క్లచ్చు తొక్కి న్యూట్రలుకు తెచ్చి, క్లచ్చు వదిలి, యాక్సిలరేటరు ఒక్క తట్టు తట్టి, మళ్ళీ క్లచ్చు తొక్కి రెండో గేరు వేసేవాడు. డబుల్ క్లచ్ అంటారు. ఆ తట్టు తక్కువైనా ఎక్కువైనా గేరుపళ్ళు గరగరమని ఊరంతా వినిపిస్తాయి. ఇప్పటి బండ్లలో గేరుబాక్సు లోపలి తేడాను సింక్రో రింగులు చూసుకుంటాయి, అందుకే గేరు మెత్తగా పడుతుంది. గేరు పడింది కదా, పని అయిపోయిందని అనుకుంటాము. కాలేదు. ఇంజనుకూ చక్రాలకూ మధ్య తేడా అట్లాగే ఉంటుంది. క్లచ్చు వదిలినప్పుడు ఆ తేడాను ఇంజనన్నా మింగాల, క్లచ్చు ప్లేటన్నా మింగాల, లేదంటే జేజి వెన్నుపూస మింగాల.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నేను నేర్చుకున్న డ్రైవింగ్ స్కూలు పేరు ఇక్కడ వద్దు. ఆ సారు కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉండేవి. నేను వదలకముందే ఆయన తొక్కేవాడు, నా పాదం కింద పెడలు దానంతటదే దిగేది. పన్నెండు రోజులు అట్లా తిరిగినాము. క్లచ్చు పట్టే చోటు ఎక్కడుందో నా కాలికి తెలియకుండానే పరీక్షకు పోయినాను. కొంచెం ముందుకు, ఒక మలుపు, కొంచెం వెనక్కి, అంతే, పాస్. మా ఆఫీసులో ఒక్క దారిలోనే నడిపి చూసి "పాస్" అని రాస్తే మరుసటి రోజు నన్ను పిలిచి కూర్చోబెడతారు.

తప్పు చట్టానిది అనుకునేరు, కాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం చదవండి. పై గేరు నుంచి కింది గేరుకు త్వరగా మార్చగలగాల, దిగుడులో కింది గేరుకు రాగలగాల, నిట్ట ఎక్కుడులో ఆపి వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించగలగాల అని రాసి ఉంది. స్కూళ్ళకయితే సొంత కార్ల డ్రైవింగుకు కనీసం 21 రోజులు, అందులో 10 గంటలు స్టీరింగు పట్టించాలని ఉంది. అంటే రాసినవాళ్ళకు తెలుసు. నేర్పేవాళ్ళూ, నేర్చుకునేవాళ్ళూ, తొందరగా కార్డు చేతికొస్తే చాలనుకునే మన ఇండ్లల్లోని పెద్దవాళ్ళూ కలిసి దాన్ని చదవడం మానేసినాము.

సరే, స్పోర్ట్స్ కారుతో ఏం పని? మారుతి 800లోనే నేర్చుకోవచ్చు కదా అంటారు. నేర్చుకోవచ్చు. కానీ స్టార్మ్ తేలిక బండి, నేలకు దగ్గరగా కూర్చుంటాము, చేసిన ప్రతి తప్పూ నడుముకు తగులుతుంది. తప్పు దాచిపెట్టే బండిలో పన్నెండేళ్ళు నేర్చుకున్నది ఏముంది? తప్పు చూపించే బండిలో నాలుగు నెలల్లో దారికొచ్చినాను. ఊరి బయట ఖాళీ స్థలంలో, యాక్సిలరేటరు అసలు ముట్టకుండా, క్లచ్చు ఒక్కటే వదులుతా కదిలించడం మొదటి పాఠం. మొదటి రోజు ఇరవైకి పదమూడు సార్లు ఇంజను ఆగిపోయింది, రాసిపెట్టుకున్నాను. మందం అట్ట బూట్లు తీసేసి పల్చటి చెప్పులకు మారితే సగం పని అయిపోయింది. మడమ నేల మీద ఆనించి, తొడతో కాకుండా చీలమండతో వదలడం ఇంకొక పావు పని. మిగిలింది గేరు దించేటప్పుడు ఆ ఒక్క తట్టు. బ్రేకు మీద కాలుండగానే అదే కాలి పక్కతో యాక్సిలరేటరు తట్టే విద్య మాత్రం ఇప్పటికీ పదికి ఆరుసార్లే కుదురుతుంది. ఇదంతా 40 దాటని వేగంలో. స్పోర్ట్స్ కారంటే వేగమే అనుకునేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన జాకీ స్టూవర్ట్ బానెట్ మీద గిన్నె పెట్టి, అందులో బంతి వేసి, అది బయట పడకుండా నడపమని నేర్పేవాడు. నాకు బంతి అక్కరలేదు, జేజి తల ఉంది.

ఇక "వారసత్వం బ్లాగులో కార్లేంటి" అన్న మాట. తమిళనాడులో స్థిరపడిన తెలుగువాళ్ళ వారసత్వంలో ఇంజన్ల మాట రాయకపోతే ఇంకెక్కడ రాస్తారు? కోయంబత్తూరు జి.డి.నాయుడు 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య మొదలుపెట్టినాడు, ఆ బస్సు తానే తోలినాడు. తర్వాతనే కంపెనీ, తర్వాతనే మోటార్లు. అదే ఊరి కరివర్ధన్ మారుతి 800 ఇంజను పెట్టి చవకగా రేసు కార్లు కట్టినాడు, ఫార్ములా మారుతి అని. నరేన్ కార్తికేయన్ అందులో ఓనమాలు దిద్దుకుని, 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడైనాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే కోయంబత్తూరు కుటుంబం, తండ్రి సౌత్ ఇండియా ర్యాలీ గెలిచినాయన. వాళ్ళు తిరిగిన ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మన చెన్నై రోడ్డు పక్కనే, వేలూరు నుంచి సుమారు 100 కిలోమీటర్లు. చెన్నై పెళ్ళిళ్ళకు పోతా ఎన్నిసార్లు దాన్ని దాటినామో.

పెదనాయన తరఫున నేనే ఒక వాదన ఇస్తాను. ఆ ఫార్ములా వన్‌లోనే 1989లో ఫెరారీ స్టీరింగు వెనక మీటలు పెట్టి, గేరు గేరుకూ క్లచ్చు తొక్కే పని తీసేసింది. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి గేర్లు మార్చే పనే ఉండదు. సాయంత్రం గ్రీన్ సర్కిల్ దగ్గర గంటసేపు ఇరుక్కుంటే నాకూ ఆటోమేటిక్ కావాలనిపిస్తుంది. ఆటోమేటిక్ కొనుక్కోండి, నేనేం వద్దనను. కానీ బ్రేకు మీద పాదం పెట్టి కుదిపేవాడు ఆటోమేటిక్‌లోనూ కుదిపేస్తాడు. మన బావ కొత్త కారులో ఒకసారి కూర్చుని చూడండి. పాదానికి బుద్ధి రావాలంటే ఎక్కడో ఒకచోట క్లచ్చు దగ్గర తిట్లు తినుండాల.

చిన్నాయన కూతురి సంగతికి వస్తాను. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష ఇచ్చినవాళ్ళకు మాన్యువల్ బండి తోలే హక్కు రాదు. ఇక్కడ అట్లా ఏ చట్టమూ లేదు. ఆ చట్టం పెదనాయన ఇంట్లో పెట్టినారు, అదీ ఆడపిల్లకు మాత్రమే. మన ఇంట్లో ఉన్న మూడు కార్లలో రెండు మాన్యువల్. అర్ధరాత్రి జేజికి నొప్పి వచ్చి, ఇంట్లో మగవాళ్ళెవరూ లేకపోతే, ఆ పిల్ల వాకిట్లో నిలబడి బండిని చూస్తా ఉండాలనా? "ఆడపిల్లకు చాలు" అనే మాటతోనే కదా మన అత్తలను ఎనిమిదో తరగతితో ఆపేసినారు. అది కూడా మన వంశ చరిత్రే, దాని మీద కూడా పోస్టు లేదు.

పోయిన నెల జేజిని మళ్ళీ తీసుకుపోయినాను, అదే మారుతి 800, అదే దారి. కె.వి.కుప్పం దాటినాక మాట వినిపించకపోతే అద్దంలో చూసినాను. నోరు తెరిచి నిద్రపోతా ఉంది. లేపలేదు. కాట్పాడి వంతెన ఎక్కేటప్పుడు మూడు నుంచి రెండుకు దించినాను, తల కదలలేదు.

చెల్లెలికి లెర్నర్స్ లైసెన్సు వచ్చింది. వచ్చే ఆదివారం పొద్దున 6 గంటలకు మొదటి పాఠం, మారుతి 800లోనే, యాక్సిలరేటరు ముట్టకుండా. వెనక సీటు ఖాళీ. పెదనాయన వస్తే కాఫీ ఫ్లాస్కు నేను తెస్తాను.