డ్రైవరును దించివేసినంతనే దారి నిష్కంటకమగునా?

లారీని ఇక మనిషి నడుపనక్కరలేదనియు, యంత్రమునకు నిద్ర రాదు గనుకను, అది మద్యము ముట్టదు గనుకను, బత్తా అడుగదు గనుకను రహదారి మరణములు దానివలననే తగ్గుననియు, డ్రైవర్లు దొరకని ఈ కాలమున సరకు రవాణాకు వేరు గతి లేదనియు పలుకు వాదము నేడు పత్రికలలోను, ఇంజనీరింగు కళాశాలల సదస్సులలోను, తుదకు టమోటా మండీల ముందర కిరాయి మాట్లాడుకొను చోటులందును వినవచ్చుచున్నది. దానిని పలుకువారిలో సదుద్దేశము గలవారు అనేకులున్నారు. అయినను ఆ వాదము మూలముననే తప్పియున్నదనియు, అది దోషమును చేసినవానిని విడిచి దోషమునకు బలియైనవానిని వేలు పెట్టి చూపుచున్నదనియు నా నిశ్చితాభిప్రాయము. ఎందుకో చెప్పెదను.

అనంతపురము, కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పముల మీదుగా తమిళనాటి కృష్ణగిరిని చేరు 42వ నంబరు జాతీయ రహదారిని ఒక్కసారి తలచుకొనుడు. పంట నూర్పిళ్ల కాలమున ఊరి పొలిమేరలలో రైతులు ఉలవకట్టెను, రాగి వెన్నులను తారురోడ్డుమీదనే పరతురు. వచ్చిపోవు బండ్ల చక్రములే వారికి నూర్పిడి. వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ చీకటిలో అడ్డదారినుండి హఠాత్తుగా ఎక్కివచ్చును. గొఱ్ఱెల మంద దారి దాటుచుండగా కాపరి చేయెత్తిన వైపును బట్టి ఆగవలెనో సాగవలెనో డ్రైవరు నిర్ణయించుకొనును. పుంగనూరిలో సుగుటూరు గంగమ్మ జాతర నాడును, కుప్పములో తిరుపతి గంగమ్మ జాతర నాడును ఏ వీథి మూసివేయబడినదో, ఏ సందున లారీ పట్టునో ఏ పటమును చెప్పజాలదు. అచ్చటి టీకొట్టువాడు చెప్పును, డ్రైవరు వినును. గుర్తింపరాని వేగనిరోధకములు, వాన వెలిసిన మరునాడే పుట్టిన గుంతలు, తప్పుదిశలో ఎదురువచ్చు మోటారుసైకిళ్లు, ఇవన్నియు అచ్చటి నిత్యకృత్యములు. ఆ దారిన లారీ నడుపుట యనగా క్షణక్షణము పరుల మనస్సును చదువుట.

చక్రము త్రిప్పుట ఆ వృత్తిలో ఒక భాగము మాత్రమే. మదనపల్లె టమోటా యార్డులో వేలము ముగిసి, హమాలీలు క్రేట్లను ఎక్కించునపుడు బరువు ఒకవైపు ఒరుగకుండ చూచువాడు డ్రైవరు. మేఘము పట్టినంతనే లారీ నాపి పట్ట కప్పి మోకులు బిగించువాడు డ్రైవరు. కుప్పము ప్రాంతపు గ్రానైటు దిమ్మెను ఎక్కించినపుడు దాని క్రింద చెక్కలు సరిగా పడినవో లేదో వంగి చూచి, గొలుసులు బిగించి, మలుపుమలుపున అద్దములో దానినే కనిపెట్టుచు పోవువాడు డ్రైవరు. నడిదారిలో టైరు పేలినపుడును, పరాయి రాష్ట్రమున పోలీసు ఆపినపుడును, చేరిన చోట సరకు చెడినదని వ్యాపారి ధర తగ్గింపజూచినపుడును, యజమాని పక్షమున నిలిచి మాటలాడువాడు వాడే. ఈ పనులను పేరుపేరున లెక్కించినవారు గాని, వీనికి వేరుగా కూలి కట్టినవారు గాని లేరు; అందుచేతనే వాడు చేయుచున్న పని యంతయు స్టీరింగు పట్టుకొని కూర్చుండుటయే యను భ్రమ చదువుకొన్నవారికి కలిగినది.

పాశ్చాత్య దేశములలో ఈ యంత్రములు విజయవంతమైనవి గదా యందురు. ఆ విజయమును నిదానముగా పరిశీలింతము. 2016 అక్టోబరులో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున ఓటో అను సంస్థ తన యంత్రమును అమర్చిన లారీ బీరు పెట్టెలతో 120 మైళ్ల దారిని తనంత తాను నడచినపుడు డ్రైవరు వృత్తికి కాలము చెల్లినదని ప్రపంచమంతట వ్రాసిరి. తరువాత జరిగిన దేమి? స్టార్‌స్కీ రోబోటిక్సు అను సంస్థ 2020లో మూతపడినది. ఈ విద్యలో అగ్రగణ్యమైన వేమో సంస్థ 2023లో లారీల ప్రయత్నమును ప్రక్కకు నెట్టి అద్దె కార్లపైననే దృష్టి నిలిపినది. అరోరా అను సంస్థ 2025 మే నెలారంభమున డల్లాసు, హ్యూస్టను నగరముల నడుమ డ్రైవరు లేని లారీలను వ్యాపారమునకు దించినట్లు ప్రకటించి, ఆ నెలలోనే వాహన నిర్మాత కోరికమీద ముందు సీటులో మరల ఒక పరిశీలకుని కూర్చుండబెట్టినది. ఇన్ని కోట్ల డాలర్లు వెచ్చించి, గీతలు చెరగని విశాలమైన రాజమార్గమున, ఎదురుబండి రాని దారిలో వారు సాధించిన దింతమాత్రము. ఆస్ట్రేలియా పశ్చిమ ప్రాంతమున పిల్బారా ఇనుప గనులలో మనిషి లేని భారీ వాహనములు ఏండ్ల తరబడి చక్కగా పనిచేయుచున్న మాట సత్యము. కాని అది ఇతరులెవరును అడుగుపెట్టరాని, యజమాని ఒక్కడే శాసించు భూమి. దానిని చూపి పుంగనూరు సంతవీథికి న్యాయము చెప్పుట తగదు.

ఇక ప్రధానమైన వాదము: ప్రమాదములన్నియు మనిషి పొరపాటువలననే కలుగుచున్నవనుట. 2022లో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పుచున్నది. ఆ ప్రమాదములలో నూటికి 70కి పైగా అతివేగమువలన జరిగినవని అందే వ్రాసిరి. ఇవి గుండె చెదరు సంఖ్యలు. 2024 సెప్టెంబరులో మన మొగిలి ఘాటులో లారీయు ఆర్టీసీ బస్సును ఢీకొని పలువురు ప్రాణములు కోల్పోయిన దినము ఈ ప్రాంతపు వారెవ్వరును మరువజాలరు. కాని అతివేగమని వ్రాసి సంతకము చేసినంత మాత్రమున విచారణ ముగియునా? ఆ వేగమును వాని నెత్తిన పెట్టినవారెవరు?

లెక్క వేసి చూడుడు. మదనపల్లె నుండి ఢిల్లీకి దారి సుమారు 2,000 కిలోమీటర్లు. లారీ గంటకు సగటున 40 కిలోమీటర్లు సాగిన దనుకొన్నను చక్రము తిరుగవలసిన కాలము 50 గంటలు. టమోటా మెత్తబడు సరకు గనుక మూడుదినములలో చేరవలెనని మండీ కోరినచో, దినమునకు 16 గంటలకు పైగా బండి నడువవలెను. చట్టమేమి చెప్పినది? 2025 వరకు అమలులోనుండిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పని చేయింపరాదని విధించినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము తన 91వ సెక్షనులో ఆ గంటలనే రవాణా వాహనము నడుపువారందరికిని వర్తింపజేసినది. అనగా ఆ లారీలో ఇద్దరు మనుష్యులు ఉండవలెను. ఇద్దరున్నచో లెక్క ఇంచుమించు సరిపోవును. మన కేంద్ర మోటారు వాహన నిబంధనలును ఈ మాటనే చిరకాలము చెప్పినవి: జాతీయ పర్మిట్టు గల లారీలో ఇద్దరు డ్రైవర్లుండవలెననియు, ఒకడు నడుపుచుండగా రెండవవాడు కాళ్లు చాచి పడుకొనుటకు చోటుండవలెననియు. మనిషికి నిద్ర కావలెనను ఎఱుక ఆ నిబంధనను వ్రాసినవారికి ఉండెను. 2018లో ఆ నియమమును తొలగించుటకు ప్రభుత్వమే పూనుకొన్నది. వ్యయము తగ్గవలెనని యజమానులు కోరిరి, ప్రభుత్వము ఆలకించెను.

రెండవ డ్రైవరునకు పూర్వమే క్లీనరు పోయెను. ఈ సంగతిని కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన డ్రైవర్ల కొరత యను మాటకు సమాధానము ఇచ్చటనే కలదు. ఒకప్పుడు బోర్లు ఎండిన పల్లెలలోని పిల్లవాడు పదునారు పదునెనిమిదేండ్ల ప్రాయమున క్లీనరుగా లారీ ఎక్కి, టైరు విప్పుట, గ్రీజు పెట్టుట, వెనుకకు తీయునపుడు దిగి కేకవేసి దారి చూపుట, రాత్రి డ్రైవరు కన్ను మూతపడకుండ మాటలాడుచుండుట మొదలగు పనులు చేయుచు, ఖాళీ మైదానములలో చక్రము పట్టుట నేర్చి, క్రమముగా లైసెన్సు సంపాదించి డ్రైవరగుచుండెను. ఆ వృత్తికి వేరొక బడి లేదు. క్లీనరు కూలి మిగులునని వానిని దించివేసినపుడు ఆ బడి మూతపడినది. నడుపువాడు ఒంటరివాడైనాడు. గంటల లెక్కగాక ట్రిప్పు లెక్కన కూలి, ఆలస్యమైనచో కోత, సరుకు పోయినచో నేరము, నెలల తరబడి ఇంటి ముఖము చూడకుండుట, పడుకొనుటకు భద్రమైన చోటు లేకుండుట, పిల్లనిచ్చువారు వెనుదీయుట, ఇవన్నియు చూచిన వాని కొడుకు బెంగుళూరులో సరకు పంచు మోటారుసైకిలు ఎక్కినచో తప్పెవరిది? భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను రెండవ ఉపనియమము, ప్రమాదము చేసి పారిపోయినవానికి పదేండ్లవరకు కారాగారమును విధించినపుడు 2024 జనవరి మొదటి దినములలో దేశమంతట లారీలు నిలిచిపోయినవి. ఆ నియమమును అమలులో పెట్టకుండ ప్రస్తుతమునకు ఆపిరి. ఆ సమ్మెను అరాచకమని నిందించినవారు, గుంపు కొట్టునను భయముతో పారిపోవువాని స్థితిని ఒక్క నిమిషమైన తలపోయలేదు. మనుష్యులు రాకపోవుటకు కారణములను ఒక్కటొక్కటిగా కల్పించి, పిమ్మట మనుష్యులు దొరకుటలేదని యంత్రమును పిలుచుట న్యాయమనిపించుకొనదు.

ఇచ్చట ఒక బలమైన ఆక్షేపణ రాగలదు. దానిని దాటవేయుట నాకిష్టము లేదు. 2023 జూనులో పలమనేరు సమీపమున రహదారి దాటుచున్న మూడు ఏనుగులు కూరగాయల వాహనము ఢీకొని మరణించినవి. కౌండిన్య అభయారణ్యమును ఆనుకొనియున్న ఆ దారిలో, చీకటిలో మనిషి కన్ను కానని ఏనుగును యంత్రము కనిపెట్టియుండెడిది కాదా యని అడుగవచ్చును. కనిపెట్టియుండవచ్చును. అట్టి కన్నును లారీకి అమర్చుడు, నేను చేతులెత్తి నమస్కరించెదను. కాని ఆ కన్ను డ్రైవరునకు తోడుగా నుండవలెను. ముందున్న అడ్డమును చూచి తనంత తాను బ్రేకు వేయు సాధనమును, రెప్ప వాలినంతనే హెచ్చరించు సాధనమును పెద్ద వాహనములకు తప్పనిసరి చేయుటకు కేంద్ర రవాణా శాఖ 2025లో ముసాయిదా వెలువరించినది. అది త్వరగా అమలగుగాక. ఐ.ఐ.టి. హైదరాబాదువారు కందిలో నెలకొల్పిన టిహాన్ కేంద్రమున, 2022 జూలైలో ప్రారంభమైన పరీక్షాక్షేత్రమున మన శాస్త్రజ్ఞులు చేయుచున్న కృషిని నేను గౌరవింతును. మన రోడ్లను మన యంత్రము మన చోటనే నేర్చుకొనవలెనను వారి ఆలోచన సముచితమే. ఓడరేవు ప్రాంగణములు, గనులు, కర్మాగారముల ఆవరణలు మొదలగు చోటులలో మనిషి లేని బండి నడచిన నష్టము లేదు. నేను ఖండించునది విజ్ఞానమును గాదు, దానిని చూపి మనిషిని దించివేయవలెనను తొందరను.

కొందరు నిశ్చింతగా నున్నారు: కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ 2017లోను, మరల 2023 డిసెంబరులోను ఇట్టి వాహనములను మన దేశమునకు రానీయనని చెప్పియున్నారు గదా యని. డెబ్బది ఎనుబది లక్షల డ్రైవర్ల ఉపాధి పోవునని ఆయన చెప్పిన కారణము సరియైనదే. కాని మంత్రి మాట శాసనము గాదు, పదవి శాశ్వతము గాదు. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి గలదు: యంత్రమును రానీయకుండుటతోనే డ్రైవరునకు మేలు జరిగినట్లు కాదు. ఉన్నవానిని ఉన్న కష్టముననే ఉంచి, వాని కొలువును మాత్రము కాపాడితిమని చెప్పుకొనుట వానికి చేసిన ఉపకారము గాదు. క్యాబినులో ఏసీ ఉండవలెనని 2025 నుండి తయారగు లారీలకు నియమము చేసిరి. ఎండలో ఇంజను వేడికి ఉడుకుచు నడుపువానికి అది నిజమైన మేలు. ఆ మేలు గంటలకును, కూలికిని, విశ్రాంతికిని వ్యాపింపలేదు.

యజమానులకును ఒక మాట. మన ప్రాంతమున లారీ యజమాని యనగా ఒకటి రెండు బండ్లవాడు. ఫైనాన్సు కంతు కట్టి తానే పలుమార్లు చక్రము పట్టువాడు. మనిషి లేని లారీ ఒక నాటికి వచ్చినచో అది ఆతని ముంగిటికి రాదు. వేల బండ్లను ఒక గదినుండి నడిపింపగల కంపెనీ చేతికి పోవును. మదనపల్లె, పుంగనూరు, కుప్పముల కిరాయిలు ఏనాడును ఈ ఊళ్లు చూడనివారు నిర్ణయింతురు. డ్రైవరు కూలి మిగులునని నేడు ఉత్సహించువాడు రేపు తన బండినే అమ్ముకొనవలసివచ్చును.

కావున మండీల వారిని, లారీ యజమానుల సంఘములవారిని, మార్కెటు కమిటీని నేను కోరునది ఇది. రానున్న టమోటా కాలమునకు ముందే కూడి, దూరపు లోడునకు ఇద్దరు డ్రైవర్లు లేని లారీని ఎక్కింపబోమని తీర్మానింపుడు. రెండవవాని కూలిని కిరాయిలోనే కలుపుడు. యార్డు దగ్గరను, పుంగనూరు, కుప్పము బయలుదారులలోను స్నానమునకు నీరు, పండుకొనుటకు నీడ, లారీకి కావలి ఉండు చోటునొకదానిని ఏర్పరుపుడు. అధికారులు 91వ సెక్షనును పుస్తకమునుండి రోడ్డు మీదికి తెచ్చి, బయలుదేరిన గంటను, చేరిన గంటను తనిఖీ చేయవలెను. ఇది చేయుటకు డల్లాసునుండి రావలసిన యంత్రమేదియు లేదు.