బొద్దక్షరాలకూ ఊపిరి కావాలి

మర్రిచెట్లకు పేరుబడ్డ బీజాపూరు రోడ్డు మీద మొయినాబాదు దాటి చేవెళ్లకు పోతున్నప్పుడల్లా నాకు చెట్ల తర్వాత కంటబడేవి బోర్డులే. పూలతోటల వాళ్ల బోర్డులు, స్థలాల అమ్మకాల బోర్డులు, చిలుకూరు బాలాజీ గుడికి దారి చూపే బోర్డులు. వాటిలో సగానికి పైగా అక్షరాలు బాగా బలిసినవి. దూరానికి ఆనాలంటే అక్షరం లావుగా ఉండాలన్న నమ్మకమే అందుకు కారణం. ఆ నమ్మకం సగమే నిజమని నా అభిప్రాయం.

లావాటి అలంకార ఖతులంటే నాకు చిన్నచూపు లేదు. 1922లో షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన 'కూపర్ బ్లాక్' ఇప్పటికీ అంగళ్ల మీద, పుస్తకాల అట్టల మీద కనబడుతూనే ఉంది. గుండ్రటి అంచుల సెరిఫ్‌లతో, దూదిమూటల్లాంటి అక్షరాలతో ముచ్చటగా ఉంటుంది. మనకూ అటువంటి శీర్షికల ఖతులు వచ్చాయి. సిలికానాంధ్ర ద్వారా వెలువడిన ఖతులలో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన 'రామభద్ర' ఒకటి. అష్టదిగ్గజాలలో ఒకడైన అయ్యలరాజు రామభద్రుని పేరది. స్వేచ్ఛా లైసెన్సుతో, యూనికోడులో, ఉచితంగా దొరుకుతుంది. పోతన, వేమన ఖతులతోనే శీర్షికకూ వ్యాసానికీ సరిపెట్టుకొన్న మనబోటి వాళ్లకు ఇది చిన్న సంపద కాదు.

అయితే ఇంగ్లీషు అక్షరాన్ని బలిపించినట్లు తెలుగు అక్షరాన్ని బలిపించడం కుదరదు. లాటిన్ లిపిలో సెరిఫ్ అంటే గీత చివర వచ్చే చిన్న పాదం. అది లేకపోయినా అక్షరం మారదు. తెలుగులో అలా గీత చివర కనిపించేది తలకట్టు. అది అలంకారం కాదు, అచ్చుగుర్తు. దాన్ని తీసి గుడి పెడితే 'క' కాస్తా 'కి' అయిపోతుంది. అందుకే తెలుగు ఖతికి 'సెరిఫ్' అని పేరు పెట్టినా, అక్కడ ప్రధానంగా కనిపించేది గీతలోని సన్నం, లావుల తేడాయే. 'నోటో సెరిఫ్ తెలుగు' ఖతిని చూసినవారికి ఈ మాట తెలుస్తుంది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మన అక్షరాల మధ్య భేదాలు చాలా చోట్ల చుక్కంత, సందంత. పకారం పైన తెరచి ఉంటుంది, వకారం మూసుకొని ఉంటుంది. ఆ సందు పూడితే 'పాడు' 'వాడు' అవుతాడు. 'అర్థం', 'అర్ధం' అనే మాటలను వేరు చేసేది థకారం కడుపులోని చుక్క ఒక్కటే. గీత లావైన కొద్దీ కడుపు కుంచించుకుపోతుంది, చుక్క గోడకు అంటుకుంటుంది. అప్పుడు అర్థం సగమయిందో, సగమే అర్థమయిందో పాఠకుడు ఊహించుకోవలసిందే!

మూడోది ఎత్తు. ఈ రెండు ఊళ్ల పేర్లే తీసుకోండి. 'చేవెళ్ల'లో పైన ఏత్వం, ఎత్వం ఉన్నాయి, కింద లావత్తు ఉంది. అంటే మూడంతస్తుల మేడ. 'మొయినాబాద్‌'లో ఒత్తు లేదు కానీ తలపైన గుర్తులూ, పక్కన కొమ్ములూ, చివర పొల్లూ ఉన్నాయి. చేవెళ్ల కింద మొయినాబాద్ రాస్తే పై వరుస ఒత్తు కింది వరుస నెత్తిన కూర్చుంటుంది. ఇంగ్లీషుకు ఇచ్చినంత చోటే తెలుగుకు ఇస్తే ఈ మూడంతస్తులూ అందులోనే ఇరుక్కోవాలి. అక్షరం చిన్నదవుతుంది. చిన్నదైంది కదా అని ఇంకా లావు చేస్తారు. జబ్బును మందనుకోవడమంటే ఇదే.

చేత్తో బోర్డు రాసే చిత్రకారునికి ఇదంతా ఎవరూ చెప్పనక్కరలేదు. ఒత్తు దగ్గరికి వచ్చేసరికి కుంచెను సన్నం చేసేవాడు, చోటు చాలకపోతే అక్షరాన్ని మళ్లీ గీసేవాడు. ఫ్లెక్సీ అచ్చులో అక్షరాన్ని మౌసుతో పట్టి అడ్డంగా సాగదీస్తున్నారు. అప్పుడు నిలువు గీతలు బలుస్తాయి, అడ్డగీతలు మాత్రం అలాగే ఉండిపోతాయి. ఖతి కర్త తూచి పెట్టిన సన్నం, లావుల లెక్క ఒక్క క్షణంలో తలకిందులవుతుంది. ఆ నేరం ఖతిది కాదు.

మనమూ తక్కువ తినలేదు. 'రామభద్ర'కు ఉన్నది ఒకే బరువు, అదీ పుట్టుకతోనే బొద్దు. దాన్ని టపా శీర్షికకు పెట్టి ఊరుకుంటే, శీర్షికను మామూలుగానే బొద్దు చేసే విహరిణి, లేని బరువును తానే కల్పించి అక్షరాన్ని మరికొంత ఉబ్బిస్తుంది. మూసలో శీర్షికకు 'నార్మల్' బరువు అని ఒక్క మాట రాస్తే చాలు, అక్షరాలు ఊపిరి పీల్చుకుంటాయి. వరుసల మధ్య ఎడం కూడా పెంచాలి.

నా మట్టుకు నేను పెట్టుకొన్న నియమాలు మూడు. బొద్దు అలంకార ఖతి నాలుగైదు మాటలకు మించరాదు: పుస్తకం పేరు, అంగడి పేరు, పెండ్లిపత్రిక మీద వధూవరుల పేర్లు. కదులుతున్న బండిలోంచి చదవవలసిన దారి బోర్డుకు అది పనికిరాదు, అక్కడ మధ్యస్థపు లావు, ఎక్కువ ఎడం కావాలి. ఇక వ్యాసం లోపల దానికి చోటే లేదు.

ఏ ఖతిని ఎంచుకొనే ముందైనా ఒక చిన్న పరీక్ష చేయండి. 'అర్థం', 'అర్ధం', 'చేవెళ్ల' అని మూడు మాటలు అచ్చు వేసి గోడకు అంటించి పది అడుగులు వెనక్కు నడవండి. చుక్క కనబడితే ఖతి మంచిదే. కనబడకపోతే అది ఎంత అందంగా ఉన్నా బొమ్మే గాని అక్షరం కాదు.