నిన్న చేరినోడి మొన్నటి దెబ్బ ఎవరిది?



పొద్దున ఆరు గంటలకు తుక్కుగూడ చౌరస్తాలో నిలబడి చూడండి. రావిర్యాల వైపు, ఎయిర్‌పోర్టు వైపు పోయే కంపెనీ బస్సుల కోసం నిలబడ్డోళ్లలో మనోళ్లు కనబడతారు. ఉట్నూరు, ఏటూరునాగారం, మన్ననూరు నుంచి వచ్చినోళ్లు. డిగ్రీలు, ఐటీఐలు చదివి కాంట్రాక్టర్ కింద ప్యాకింగ్, లోడింగ్, హౌస్‌కీపింగ్ చేస్తున్నోళ్లు.

మా బావ వాళ్లలో ఒకడు. పద్నాలుగు నెలలు చేసిండు. జీతంలో పీఎఫ్ కట్ అయింది, ఖాతాలో మాత్రం పడలేదు. రెండు నెలల ఓటీ రాలేదు. అడిగినందుకు "రేపటి నుంచి రావద్దు" అన్నారు. అప్పుడు యూనియన్ ఆఫీసుకు పోయిండు, నేనూ వెంట పోయిన. అక్కడి పెద్దమనిషి మొదట అడిగింది ఒక్కటే.

"మెంబర్‌షిప్ ఎప్పుడు తీసుకున్నవ్?"

"ఇప్పుడు తీసుకుంట అన్నా."

"మరి ఇది పాత పంచాయితీ కదా. దూపైనప్పుడు బాయి తవ్వుతనంటే ఎట్ల?"

ఆ మాటకు జవాబు చెప్పాలనే ఇది రాస్తున్న.

ముందు ఆయన వైపు ఉన్న న్యాయం ఒప్పుకుందాం. యూనియన్ నడిచేది నెలనెలా చందా కట్టేటోళ్ల పైసలతో, గేటు మీటింగులకు నిలబడి సస్పెండ్ అయినోళ్ల కష్టంతో. అందరం దెబ్బ తగిలినంకనే పోతే ఆ ఆఫీసు కిరాయి ఎవరు కట్టాలె? బ్రిటన్‌లో చాలా యూనియన్లు, చేరకముందు మొదలైన సమస్యకు లాయర్‌ను పెట్టమని రూలే పెట్టుకున్నయి.

కానీ అన్నా, మా దగ్గరికి ఎవరొచ్చిండ్రు? ఒక్క రూములో పదిమందిమి ఉంటం. ఒక్క కరపత్రం రాలేదు. పర్మినెంటోళ్ల కోసమే మీటింగులు పెట్టి, కాంట్రాక్టు కార్మికునికి తలుపు ఎక్కడున్నదో చూపించకుండా "ఆలస్యంగా వచ్చినవ్" అంటే ఎట్ల?

తేదీ గీత సంగతి ఆదివాసీకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అటవీ హక్కుల చట్టంలో 2005 డిసెంబర్ 13 అని ఒక గీత ఉన్నది. అంతకు ముందు నుంచి దున్నుతున్నట్టు చూపించలేనోళ్ల పోడు ఏమైందో మన గూడేలకు తెలుసు. కార్మికుల ఆఫీసులో కూడా అదే గీతా?

చట్టం అడ్డమా అంటే, కాదు. పనిలోంచి తీసేస్తే ఒక్క కార్మికుడు కూడా వివాదం వేసుకోవచ్చని 1965లోనే పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించిండ్రు. సభ్యుడు కానోడి తరఫున కూడా ఆ పరిశ్రమకు సంబంధించిన యూనియన్ నాయకుడు నిలబడొచ్చని అదే చట్టం 36వ సెక్షన్ చెప్పింది. సభ్యుడు కానోడికే దారి ఉన్నప్పుడు, నిన్న చేరినోడికి లేకుండా ఎట్ల పోతది? కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు కంపెనీనే కట్టాలని, 2025 దాకా అమల్లో ఉన్న 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉండె.

పైగా టైమ్ తక్కువున్నది. తీసేసిన కేసు లేబర్ కోర్టుకు తీసుకపోవడానికి పాత చట్టంలో మూడేళ్ల గడువు ఉండె. 2025 నవంబర్ 21 నుంచి అమలుకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది రెండేళ్లు అయింది. ఇయ్యాల తిప్పి పంపిన మనిషి ఊరికి పోయి, మళ్ల తిరిగొచ్చే వరకు గడువు దాటిపోతది.

ఇప్పుడు మన మాట. సమస్య తీరినంక మనం ఏం చేస్తున్నం? ఫోన్ ఎత్తం. రసీదు బుక్కు తెచ్చిన అన్నను చూసి పక్క సందులకు పోతం. ఒక్కరి తొలగింపు ఒక్కరు కొట్లాడొచ్చు. జీతం పెంపు, షిఫ్టుల మార్పు లాంటివి మాత్రం తోటోళ్లు నిలబడితేనే వివాదం అయితయి. రూములో ఒక్కడు చేరితే సరిపోదు.

గూడెంలో గుడిసె అంటుకుంటే "నువ్వు మా నాట్లకు రాలే" అని బిందె కింద పెడతమా? ముందు ఆర్పుతం. కానీ రేపు ఇంకో గుడిసె అంటుకున్నప్పుడు ఇయ్యాల ఆర్పించుకున్నోడు రాకపోతే, ఊరు మర్చిపోదు.

యూనియన్ పెద్దలకు ఒక్కటే చెప్తున్నం. "ఎప్పుడు చేరినవ్" అని కాదు, "ఏమైంది" అని ముందు అడగండి. చందా తర్వాత రాయండి, తప్పక రాయండి.

మీకు చెప్పేది కూడా కొంచెమే. ఇయ్యాలే ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ చూసుకోండి. గేట్‌పాస్, హాజరు, సూపర్‌వైజర్ మెసేజ్‌లు ఫొటో తీసి దాచుకోండి. దెబ్బ తగలకముందే యూనియన్‌లో చేరండి.

బావ కేసును వేరే యూనియన్ తీసుకున్నది. బ్యాంకు పాస్‌బుక్, గేట్‌పాస్ ఫొటోతో లేబర్ ఆఫీసులో దరఖాస్తు పడ్డది. ఇంకా తేలలేదు. బావ ఇప్పుడు వేరే దగ్గర చేస్తుండు. ఆదివారం వస్తే మాత్రం రసీదు బుక్కు పట్టుకొని రూములు తిరుగుతుండు. మా రూములో పదిమందిల ఇప్పటికి ముగ్గురు చేరిండ్రు. మిగిలిన ఏడుగురూ ఇది చదవాలె.

జై ఆదివాసీ!