మిట్టమధ్యాహ్నపు దయ్యం

‘ది విచర్ 3’ అనే కంప్యూటర్ ఆట మొదట్లోనే ఒక బావి వస్తుంది. వైట్ ఆర్చర్డ్ అనే పల్లెకు దగ్గర్లో పాడుబడిన వాడ ఒకటుంది. అక్కడి బావిని దయ్యం పట్టుకుని ఎవర్నీ నీళ్ళు తోడుకోనివ్వదు. ఊళ్ళో ఒకాయన బిడ్డకు జబ్బు, మంచినీళ్ళు కావాలి. రాక్షసుల్ని చంపి ఆ కూలితో బతికే గెరాల్ట్‌ను ఆయన బతిమాలుకుంటాడు. గెరాల్ట్ బావిలో దూకి, అడుగుదాకా మునిగి, ఒక కంకణం పట్టుకుని పైకొస్తాడు. ఎప్పుడో అన్యాయంగా చంపేసిన ఒక ఆడమనిషిది అది. దాన్ని ఆమె అస్థికలతో కలిపి కాలిస్తేగానీ ఆ దయ్యం కత్తికి లొంగదు.

అనంతపురంలో కూర్చుని ఈ ఘట్టం ఆడుతుంటే దయ్యం కంటే ముందు ఆ నీళ్ళే కళ్ళకు కడతాయి. ఇక్కడి పాత కపిలి బావుల్లోకి తొంగిచూస్తే అడుగున కంపచెట్లు మొలిచి ఉంటాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ శెనక్కాయ చేను అడిగిన రోజున రాదు. నాలుగైదు బోర్లు వేసి దుమ్ము తప్ప చుక్క చూడని రైతులు ఊరూరా ఉన్నారు. మనిషి మునిగేంత లోతు నీళ్ళున్న బావిని దయ్యం కాపలా కాయడంలో ఆశ్చర్యమేముంది?

ఆట అయిపోయాక కూడా నన్ను వదలనిది ఆ దయ్యమే. దాన్ని ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని కల్పించలేదు. పంట కోతల కాలంలో నడినెత్తిన ఎండ ఉండగా చేలో పనిచేసేవాళ్ళను పట్టుకునే ఆడదయ్యం గురించి పోలండ్ పల్లెల్లో, చుట్టుపక్కల స్లావ్ దేశాల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. మిట్టమధ్యాహ్నం చింతమాను కిందికి పోవద్దు, గాలి సోకుతుంది అని మా అవ్వలు చెప్పిందీ అదే కదా. ఎండకు భయపడే పల్లెలన్నిటికీ ఒకే దయ్యం ఉన్నట్టుంది.

ఆంజేయ్ సప్కోవ్‌స్కీ మొదటి విచర్ కథ 1986లో ఒక పోలిష్ పత్రికలో అచ్చయింది. వార్సాలో సీడీలు అమ్ముకునే వ్యాపారంగా 1994లో మొదలైన సీడీ ప్రాజెక్ట్ సంస్థ ఆ కథల్ని ఆటగా మలిచింది. 2011లో ఒబామా వార్సా వెళ్ళినప్పుడు ప్రధాని డోనాల్డ్ టస్క్ ఇచ్చిన కానుకల్లో విచర్ రెండో ఆట కూడా ఉంది. 2015లో వచ్చిన ఈ మూడో ఆట 5 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. ఇంతా చేసి అందులో ఉన్నది బంగారు కోటలు కాదు. బురద, కరువు, సైన్యాలు తొక్కేసిన చేలు, కూలి దగ్గర బేరమాడే రైతులు. ఆట చేసినవాళ్ళు తమ పల్లె పేదరికాన్ని దాచుకోలేదు, కథకు దాన్నే నేలగా పరిచారు.

ఆట చివరికి ఏమవుతుందన్నది కూడా కత్తి తేల్చదు. గెరాల్ట్ కూతురిలా పెంచిన సిరి దిగులుగా ఉన్నప్పుడు ఆమెతో కలిసి తాగాడా, మంచు ముద్దలు విసురుకుంటూ ఆడాడా. పెద్దవాళ్ళతో మాట్లాడటానికి ఆమెను ఒంటరిగా పోనిచ్చాడా, వెంటపడి తనే మాట్లాడాడా. ఇలాంటి నాలుగైదు చిన్న విషయాల్ని బట్టి ఆమె బతకడమో, తిరిగి రాకపోవడమో ఉంటుంది. ఆడపిల్లను పక్క ఊరు కాలేజీకి పంపడానికి కిందామీదా పడే తండ్రులున్న చోట ఈ ముగింపు గుండెకు తగలకుండా ఎలా ఉంటుంది?

అద్భుత కథలు మనకు కొత్తా? ‘పాతాళ భైరవి’ తీసిన కె.వి.రెడ్డి పుట్టింది ఈ జిల్లా తాడిపత్రిలోనే. 1951లో వచ్చిన ఆ సినిమాలో వీరుడు తోటమాలి కొడుకు. మాంత్రికుడు, గుహ, కోరిన వరమిచ్చే ప్రతిమ, అడుగడుగునా పరీక్ష: నేటి ఆటలకు కావలసిన సరంజామా మొత్తం అందులో ఉంది. ఆరేళ్ళకు ఆయనే ‘మాయాబజార్’ తీశాడు. వాన లేని నేల మీద పుట్టినవాడికి మాయల మీద అంత పట్టు ఉండటం నాకు వింతగా తోచదు.

ఆటగా మలచడానికి ఇక్కడ ఏముంది అంటే లేపాక్షి ఒక్కటి చాలు. విజయనగర రాజు కోశాధికారి విరూపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడనీ, శిక్ష పడకముందే తన కళ్ళు తానే పెరికి గోడకేసి కొట్టాడనీ స్థలకథ. ఆ గోడ మీది ఎర్ర మచ్చల్ని ఇప్పటికీ చూపిస్తారు. కల్యాణ మంటపం సగంలో ఆగిపోయి ఉంది. ఆయన దొంగా, దాతా? ఆ సొమ్ము ఏ కరువు ఊరి పన్ను? విచారణకు రాజు పంపిన మనిషివి నువ్వే అయితే ఎవరి మాట నమ్ముతావు? రాళ్ళు మోసిన కూలీలనా, శిల్పులనా, లెక్కలు రాసే కరణాన్నా? విచర్ ఆడినవాళ్ళకు తెలుసు, ఇలాంటి చిక్కుముడే ఆటగాణ్ణి రాత్రంతా కూర్చోబెడుతుంది.

అలాంటి ఆటలో, భూమిలో నీళ్ళు ఎక్కడున్నాయో చూసేవాణ్ణి మరిచిపోతే ఎలా? అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి చేనంతా నడుస్తాడు. కాయ లేచి నిలబడిన చోట కాలితో గీత గీస్తాడు. వెనకాల రైతు కుటుంబం ఊపిరి బిగబట్టి నడుస్తుంది. ఆ గీత మీద తాళిబొట్టు తాకట్టు పెట్టి బోరు వేస్తారు. నాకు ఆ నమ్మకం లేదు. కానీ ఆ నడక చూస్తే, ఏ దేశపు కథలోని మాంత్రికుడూ ఇంత నిజమైన ఆశను మోయలేదనిపిస్తుంది.

పుణేలోని నాడింగ్ హెడ్స్ అనే ఆటల సంస్థ వాళ్ళు 2020లో ‘రాజీ’ తెచ్చి, మన పురాణాలతోనూ ఆట చేయొచ్చని చూపించారు. పనివాళ్ళకు కొదవ లేదు. బెంగళూరులో రాక్‌స్టార్, హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే విదేశీ ఆటల సంస్థలు పెట్టిన కార్యాలయాల్లో మన పిల్లలు పనిచేస్తున్నారు. ఆ రెండు ఊళ్ళనూ కలిపే 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగానే పోతుంది. పండక్కి వస్తూ పోతూ ఆ పిల్లలు గుత్తి కోటను బస్సు కిటికీలోంచి చూస్తారు. ఒక్కసారి దిగి ఎక్కి చూడమని నా కోరిక.

అక్కడి నుంచి ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు రండి. తోలుబొమ్మలాటలో 2020 పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరది. ఒకప్పుడు తెర వెనక దీపం పెట్టి తెల్లవార్లూ రావణుణ్ణి ఆడించిన కళ, ఇప్పుడు ఎక్కువగా దీపాల మీది తొడుగులు చేసి బతుకుతోంది. ఒక బొమ్మ చేతిలోకి తీసుకుని చూడండి: మోచేయి దగ్గర కీలు, మణికట్టు దగ్గర కీలు, దీపం వెలుగు దిగేలా తోలంతా పొడిచిన సన్నటి చిల్లులు. బొమ్మను ఎలా కదిలించాలో, ఏ రాక్షసుడికి ఏ గొంతు పెట్టాలో చెప్పగల పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాన కోసం విరాటపర్వం చదివినవాళ్ళూ, కప్పలకు పెళ్ళి చేసినవాళ్ళూ పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆట రేపు తయారు కాకపోయినా ఫరవాలేదు. ఆ గొంతుల్ని మాత్రం ఈ వేసవిలోనే రికార్డు చేసి పెట్టుకోండి.