పెంపుడు నేస్తాలు: చిరుతబల్లి

పిల్లలూ!

అమెరికానుంచి మన తెలుగు పిల్లవాడొకడు మాకు ఉత్తరం వ్రాశాడు. పదేళ్ళవాడు. పుట్టినరోజుకు వాళ్ళ నాన్నగారు లెపర్డ్ గెకో అనే బల్లిని కొనిచ్చారట. "వారం రోజులై అది తిండి ముట్టటం లేదు. రోజూ చేతిలోకి తీసుకుని ముద్దు చేస్తున్నాను. అయినా తినదు. చచ్చిపోతుందేమోనని భయంగా ఉన్నది," అని వ్రాశాడు.

బల్లిని పెంచటమేమిటని నవ్వకండి. ఇది మన గోడమీది బల్లి కాదు. పసుపుపచ్చని ఒంటిమీద చిరుతపులికి మల్లే నల్లమచ్చలుంటాయి గనుక, చిరుతబల్లి అందాం. పెరిగితే జానెడుంటుంది. ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశాలలోని రాతినేలలు దీని పుట్టిల్లు. కలకత్తాలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు 1854లో దీనికి శాస్త్రనామం పెట్టాడు. ఇవాళ అమెరికా, ఇంగ్లండు మొదలైన దేశాలలో పెంపకంలోనే పుట్టిన పిల్లలను కొని పెంచుకుంటారు.

ఈ రాత్రి దీపం దగ్గర మీ ఇంటి బల్లిని చూడండి. అది రెప్ప వెయ్యదు. దానికి కదిలే రెప్పలు లేవు. నాలుకతో కన్ను తుడుచుకుంటుంది. చిరుతబల్లికి రెప్పలున్నాయి, చక్కగా కళ్ళు మూసుకుని నిద్రపోతుంది. కాని దాని వేళ్ళకు అంటుకునే మెత్తలు లేవు. అందుచేత గోడ ఎక్కలేదు.

ఇక అసలు సంగతి. మన ఒంట్లో వేడి లోపలే పుడుతుంది, తిన్న అన్నమే దానికి కట్టెలు. బల్లికి అటువంటి పొయ్యి లేదు. చుట్టూ వెచ్చగా ఉంటేనే దాని ఒళ్ళు వెచ్చబడుతుంది. ఒళ్ళు చల్లబడితే తిన్న పురుగు అరగదు. అరగనిదే ఆకలి ఎక్కడినుంచి వస్తుంది?

ఉత్తరం వ్రాసిన అబ్బాయీ! నీ బల్లి పెట్టెలో థర్మామీటరు ఉన్నదా? ముందు అది పెట్టు. మూడడుగుల గాజుపెట్టె అయితే బాగుంటుంది. ఒక కొసన నేల 32 డిగ్రీల సెంటిగ్రేడు ఉండాలి, రెండవ కొసన 25 డిగ్రీలు చాలు. వెచ్చన కావాలంటే ఇటు, చల్లన కావాలంటే అటు, అదే నడిచి వెళుతుంది. వేడి పుట్టించే కరెంటు చాపను థెర్మోస్టాటు లేకుండా వాడవద్దు. వేడి మితిమీరితే పొట్ట కాలుతుంది. ఈ పని నాన్నగారి చేత చేయించు.

రెండు కొసలా దాక్కునేందుకు గూళ్ళుండాలి. తడి నాచు వేసిన మరొక గూడు కూడా ఉండాలి. కుబుసం విడిచేటప్పుడు అక్కడ చేరుతుంది. తడి లేకపోతే చర్మం వేళ్ళకు బిగుసుకుని, వేళ్ళే ఊడిపోవచ్చు. నేలమీద ఇసుక పొయ్యకు, మింగితే పేగుకు అడ్డుపడుతుంది. కాగితం పరిస్తే చాలు.

దీని తిండి ప్రాణమున్న పురుగులే. పండ్లూ, ఆకులూ తినదు. కీచురాళ్ళకు మంచి మేత పెట్టి, కాల్షియం పొడి అద్ది, సాయంత్రం వెయ్యాలి. పిల్లబల్లికి రోజూ, పెద్దదానికి రెండు మూడు రోజులకొకసారి. తినగా మిగిలిన కీచురాళ్ళను తీసేయ్. అవే తిరిగి బల్లిని కొరుకుతాయి. నీళ్ళపళ్ళెం ఎప్పుడూ ఉండాలి.

తోకను మాత్రం ఎన్నడూ పట్టకు! కొవ్వు నిలవచేసుకునే గాదె అది. భయపడితే బల్లి తోక వదిలేస్తుంది. మళ్ళీ మొలుస్తుంది గాని, మొదటి తోకలా ఉండదు. తోక లావుగా ఉంటే నాలుగు రోజులు తినకపోయినా భయం లేదు. వేడి సరిచేసినా తినక, తోక సన్నబడుతుంటే వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి. దాన్ని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కో. దాని ఒంటిమీది సూక్ష్మజీవులు మనకు జబ్బు చేయగలవు.

ఇక్కడి పిల్లలకొక మాట. మన తూర్పు కనుమలలోనూ దీని చుట్టం ఒకటి ఉన్నది. విషప్పురుగనుకుని కొందరు చంపుతారు. దానికి విషం లేదు. కొట్టకండి, పట్టి తెచ్చి పెంచకండి. దాని ఇల్లు అడవే.

తల్లిదండ్రులకూ ఒక మాట. చక్కగా చూస్తే చిరుతబల్లి పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. పదేళ్ళ పిల్లవాడికి ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా అన్నమాట. అన్నేళ్ళు చూడగలమా అని ఆలోచించిన తరువాతే కొనాలి.

అబ్బాయీ! రెండు వారాలపాటు దాన్ని చేతిలోకి తీసుకోకు. కొత్త చోటు గనుక బెదిరి ఉంటుంది. మనకు ముద్దైనది దానికి భయం. పెట్టె వెచ్చగా ఉంచి, సాయంత్రం దూరంగా కూర్చుని చూడు. అది గూటిలోంచి తల బయటపెట్టి, కీచురాయిని చూచి తోక ఆడించిన రోజున మాకు మళ్ళీ ఉత్తరం వ్రాయి.