ఉద్దెర పుస్తకం చూసి ఓటేస్తున్నాం, ఎమ్మెల్యే గారూ

మా శాసనసభ్యులు గారికి,

మొన్న ఆదివారం పొద్దున మా గ్రామ పంచాయతీ ముందు మీరు సర్పంచ్ అభ్యర్థి మెడలో పార్టీ కండువా వేసి, "ఈయన నా మనిషి. ఈయన గెలిస్తేనే మీకు నిధులు. లేదంటే నా దగ్గరికి రావద్దు" అని మైకులో చెప్పి వెళ్లారు. ఆ సమయంలో నా కిరాణా దుకాణంలో నూనె కోసం వచ్చిన ఒక తల్లి ఉంది. "గీయనకు ఓటెయ్యకుంటే ఉపాధి పని గూడ బందయితదా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులు ఉండవని మీకు తెలియదా? ఊరు పార్టీల పేరుతో చీలకూడదనే కదా ఆ నియమం? మరి ఆ కండువా ఎందుకు? నిధులు మీ ఇంట్లోంచి తెస్తున్నారా? 2024 ఫిబ్రవరిలో మన తెలంగాణలో పాత సర్పంచుల గడువు తీరింది. అప్పటినుంచి ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. పాలకవర్గం లేదని ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతే, చెత్త ట్రాక్టర్ డీజిల్‌కు మా కార్యదర్శి సొంత జేబు తడుముకున్నాడు. అప్పుడు మీరెక్కడున్నారు?

ఇక ఆ తల్లి బతుకు చూడండి. 2025 ఏప్రిల్ గుర్తుందా? ఉపాధి హామీ రోజు కూలి 300 నుంచి 307 రూపాయలైంది. అదే నెల 8న సిలిండర్ మీద 50 రూపాయలు పెరిగింది. వారం రోజులు మట్టి తట్టలు మోస్తే, పెరిగిన కూలి పెరిగిన గ్యాసుకే సరి. రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది, నిజమే. ముందు మొత్తం కట్టాల్సింది ఆ తల్లే కదా? రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, ఆ మేలు మరువం. కానీ ఉత్త అన్నమే తింటామా? లీటరు నూనె కొనేవాళ్లు ఇప్పుడు పావుకిలో చాలంటున్నారు. నిరుడు దసరా దాకా ఒక్క ఉద్దెర పుస్తకం సరిపోయేది. ఈసారి రెండోది కుట్టించాను.

దుకాణం నడిపేవాడికి అందరూ కావాలి. అందుకే ఇన్నేళ్లూ ఏ ఎన్నికలోనూ ఎవరి పక్షాన నోరు విప్పలేదు. ఈసారి విప్పుతున్నాను. నా ఓటు సర్పంచ్ పోటీలో ఉన్న మహిళా సంఘం అక్కకే. పదేళ్లు సంఘం లెక్కలు రాసింది, రూపాయి తేడా రాలేదు. వడ్ల కొనుగోలు కేంద్రంలో బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తుంటే కాంటా పక్కన కూర్చుని ఆపించింది. సర్పంచ్ నూనె ధర తగ్గించలేరని మాకూ తెలుసు. కానీ ఉపాధి పనులు ఖరారయ్యేది గ్రామసభలోనే కదా? 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఇంటికి వంద రోజుల పని అంది. మా వాడలో వంద నిండిన ఇళ్లెన్ని? మిషన్ భగీరథ నల్లా సరిగ్గా వస్తే నీళ్ల క్యాన్ల ఖర్చు తప్పుతుంది కదా? ఈ పనులు వెంటపడి చేయించే మనిషి ఆమె.

మీ అభ్యర్థి ఏం చేస్తాడో మీరు చెప్పలేదు. మీ మనిషి అని మాత్రం చెప్పారు. మా అంత ఊరికి ఎన్నికల ఖర్చు పరిమితి లక్షన్నర. నామినేషన్ ఊరేగింపు చూసినవాళ్లకు ఆ లెక్క ఎప్పుడో దాటిందనిపించింది. గెలిచాక ఆ సొమ్ము ఎవరి దగ్గర రాబట్టుకుంటాడు? మా దగ్గర కాదా?

అయ్యా, మీకూ మేమే ఓట్లేశాం. గెలిచాక మీరు ఓటు వేయనివాళ్లకూ ఎమ్మెల్యేనే కదా? 2025 డిసెంబర్ 14 పోలింగ్‌లో ఆ అక్క గెలిస్తే మా ఊరిని పక్కన పెడతారా? రోడ్డు ఆపుతారా? ఇందిరమ్మ ఇళ్ల జాబితాలో పేర్లు కొట్టేస్తారా? మమ్మల్ని బెదిరించకండి. మా ఊరి మంచిచెడ్డలు మమ్మల్ని చూసుకోనివ్వండి.

ఆ తల్లి రెండు రోజుల్లో మళ్లీ నూనెకు వస్తుంది. అదే మాట అడుగుతుంది. ఏం చెప్పమంటారు?

ఇట్లు,
మీ నియోజకవర్గంలో ఒక కిరాణా దుకాణదారు