ఈజిప్టు గింజలు, మన టిఫిన్ క్యారియర్



పోయిన నెల మీటింగుకు మేము ఒక టిఫిన్ క్యారియర్ తెచ్చాం, గుర్తుందా? నాలుగు గిన్నెలూ పది నిమిషాల్లో ఖాళీ. "మొచ్చకొట్ట బాగుంది అన్నా, మసాలా మాత్రం మరిచిపోయారు" అన్నారు ఒకరు. అది మొచ్చకొట్ట కాదు. మసాలా మరిచిపోనూ లేదు. ఆ రెండు మాటలకూ జవాబు చెప్పాలి, దాంతోపాటు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాం. తమిళ మీడియంలో చదివిన చెయ్యి ఇది, తెలుగు అక్షరాలు యాభై దాటాక నేర్చుకుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఆ వంట పేరు ఫూల్ ముదమ్మస్. ఈజిప్టు దేశంలో పొద్దుటి పలహారం. మనకు ఇడ్లీ ఎలాగో వాళ్ళకు అది అలాగ. కైరో వీధుల్లో తోపుడు బండి మీద పొట్ట లావు, మెడ సన్నం ఉన్న పెద్ద లోహపు కుండ పెట్టుకుని, పొడుగు గరిటెతో తోడి పోస్తారు. కూలివాడూ తింటాడు, ఆఫీసరూ తింటాడు. రంజాన్‌లో తెల్లవారకముందే తినే తిండిలో ఇది ఉంటుంది, చాలాసేపు ఆకలి వేయదని. అక్కడి కాప్టిక్ క్రైస్తవులకు ఏడాదిలో 200 రోజులకు పైగా ఉపవాస నియమం; ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. వాళ్ళకూ ఇదే ఆధారం. ఇంత తింటారు కాబట్టి సొంత పంట చాలక ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి గింజలు కొని తెచ్చుకుంటారు.

మా పెద్దవాడు కువైట్‌లో ఉంటాడు. తనతో పనిచేసే ఈజిప్టు మనిషి దగ్గర నేర్చుకుని, సెలవుకు వచ్చినప్పుడు రెండు కిలోల గింజలు తెచ్చాడు. చూడగానే మేమూ మొచ్చకొట్టే అనుకున్నాం. మొచ్చకొట్ట అంటే మన అనపగింజ; చలికాలంలో నానేసి, పొట్టు పితికి, పితికిపప్పు చేసుకుంటామే, అది. ఇది వేరే జాతి. ఫావా అంటారు, ఉత్తరాది వాళ్ళు బాక్లా అంటారు. పొట్టు మందం, గోధుమ రంగు, అంచున నల్ల గీత.

అర కిలో గింజలు కడిగి రాత్రంతా నానేశాం. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, గుప్పెడు మసూర్ పప్పు కలిపి, గింజల మీద మూడు వేళ్ళ ఎత్తున నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాం. ఒక పొంగు వచ్చాక మంట పూర్తిగా తగ్గించాలి. ఆ తర్వాత ఏడెనిమిది గంటలు దాని జోలికి పోకూడదు, గరిటె పెట్టకూడదు. నీళ్ళు తగ్గితే వేడినీళ్ళే పోయాలి. ఉప్పు దించాకే. గ్యాసు లెక్క చూసి ఒకసారి కుక్కర్‌లోనూ వండాం. సన్నమంట మీద ముప్పావుగంటలో ఉడుకుతుంది, కాదనం. కానీ గింజ పగిలిపోయి, రసం నీళ్ళగా మిగిలింది. ముదమ్మస్ అంటే పూడ్చిపెట్టినది అని అర్థం చెబుతారు. వెనకటి రోజుల్లో స్నానశాలల నీళ్ళు కాచే పొయ్యిల నిప్పుల్లో, రాత్రి కుండలు పెట్టి పొద్దున తీసేవాళ్ళట. మాకు వెంటనే మన లోకో షెడ్డు గుర్తొచ్చింది. ఆవిరి ఇంజన్ల కాలంలో ఫైర్‌మన్‌లు తమ క్యారియర్‌ను బాయిలర్ వేడికి ఆనించి పెట్టేవాళ్ళు. వాళ్ళకు చల్లటి అన్నం తినే పని లేదు.

దించాక గరిటె వెనకతో సగం గింజలు మెదపాలి. ఉప్పుతో నూరిన వెల్లుల్లి, జీలకర్ర పొడి, నిమ్మరసం, పైన ధారాళంగా నూనె. వాళ్ళు అవిసె నూనె గానీ ఆలివ్ నూనె గానీ పోస్తారు, నువ్వుల ముద్ద కూడా కలుపుతారు. మాకు గానుగ నువ్వుల నూనే దొరికింది. ఇంతే. మా ఆవిడ ఆవాల డబ్బా తీసింది, కరివేపాకు దూసింది, మేము వద్దన్నాం, ఆ పూట మాట్లాడుకోలేదు. మా అభిప్రాయం ఇది: ఇంకొకరి వంటను మొదటిసారి వాళ్ళ రుచికే వండాలి. అన్నిటికీ తాలింపు పెట్టి మన సాంబారు చేసేస్తే, ఇక నేర్చుకున్నది ఏముంది? ఈ ఊర్లో మన తెలుగును ఎవరైనా తమిళంలాగా దిద్దబోతే మనకు ఎంత కోపం వస్తుంది!

ఇప్పుడు తప్పు సంగతి.

ఆ రోజు మీటింగు ముగించి ఇంటికి వచ్చేసరికి కూతురు, మనవడు వచ్చి ఉన్నారు. కుండలో కొంచెం మిగిలింది. మనవడు గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. కూతురు చూసి, "నాయనా, అవేం గింజలు?" అంది. ఫావా అనగానే గిన్నె లాగేసి ఏడ్చింది. పిల్లవాడికి జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువని పుట్టినప్పుడే తెలిసిందట. ఆరేళ్ళుగా మాకు చెప్పలేదు. అది తల్లి వైపు నుంచి కొడుక్కి వచ్చేది, ఎక్కువగా మగపిల్లల్లోనే బయటపడేది. "బయట తెలిస్తే ఆడపిల్లల సంబంధాలు చెడతాయి, మీ అమ్మానాన్నలకు కూడా చెప్పకు" అన్నారట అత్తవారింట్లో.

ఆ లోపం ఉన్నవాళ్ళు ఈ గింజలు తింటే ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో కళ్ళు పచ్చబడి, మూత్రం డికాక్షన్ రంగుకు తిరిగితే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. ఉడకబెడితే భయం పోయిందనుకోకూడదు. గింజలే కాదు, మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర, బీరువాలో వేసే నాఫ్తలీన్ ఉండలు కూడా వాళ్ళకు పడవు.

మేము నిలబడ్డచోటే కూలబడ్డాం. మీటింగులో ఎంతమంది పిల్లలు తిన్నారు? ఎవరినీ ఒక్క మాట అడగలేదే! ఆ రెండు రోజులూ ఫోన్ చేసి "పిల్లలు బాగున్నారా" అని ఊరికే అడిగింది అందుకే. పిచ్చి పట్టిందనుకుని ఉంటారు. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ అది మా జాగ్రత్త వల్ల కాదు.

మన సంఘం ఏటా వైద్య శిబిరం పెడుతుంది. షుగరు, బీపీ, కంటి అద్దాలు. అన్నీ మా వయసు వాళ్ళకే. ఈసారి పిల్లలకు ఈ జీ6పీడీ రక్తపరీక్ష చేర్చాలని మేము పట్టుబడుతున్నాం. స్టేజీ పూలకు, శాలువాలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించండి. శాలువాల జాబితాలో మా పేరుంటే ముందు అది కొట్టేయండి. "ఇట్లాంటివి బయట పెట్టుకుంటారా?" అని కొందరు పెద్దలు అంటారని మాకు తెలుసు. మనలో మనమే ఇచ్చి పుచ్చుకునే వాళ్ళం, మేనరికాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక ఇంట్లో దాచింది నాలుగు ఇళ్ళకు పోతుంది. కూతురి అనుమతి తీసుకునే ఇది రాశాం. "రాయి నాయనా, నాకూ బరువు దిగుతుంది" అంది.

మనవడికి ఆ రాత్రి మా ఆవిడ పితికిపప్పు చేసి పెట్టింది, డాక్టరుకు ఫోన్ చేసి అడిగాకే. ఆవాలు, కరివేపాకు ఆమె ఇష్టం వచ్చినంత.

ఇంకా కిలో గింజలు మిగిలాయి. వచ్చే మీటింగుకు మళ్ళీ వండి తెస్తాం. ముప్పై ఏళ్ళు పార్సిల్ ఆఫీసులో చీటీలు అంటించిన చేతులివి. ఈసారి క్యారియర్ మూత మీదా చీటీ ఉంటుంది: "ఫావా గింజలు. జీ6పీడీ తక్కువున్నవాళ్ళు తినకూడదు. పిల్లలకు పరీక్ష చేయించకుండా పెట్టవద్దు."